కోడ్‌తో బొమ్మలు వేస్తూ అధ్యాపక వృత్తిలో బతకొచ్చా? ఎంటెక్ చేయాలా, ఎండిజైన్ చేయాలా?

మీరు అడిగింది ఇదీ. విశాఖలో సీఎస్ఈ మూడో ఏడు చదువుతున్నారు. రాత్రిపూట ప్రాసెసింగ్ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో కోడ్ రాసి బొమ్మలు పుట్టిస్తున్నారు. పాఠాలు చెప్పుకుంటూ కంప్యూటర్ సైన్స్‌నీ జనరేటివ్ ఆర్ట్‌నీ (నియమాలు రాసి కోడ్‌తో పుట్టించే కళని) కలిపి పరిశోధన చేయాలని ఉంది. అందుకు ఎంటెక్ చేయాలా, ఎండిజైన్ చేయాలా తేలడం లేదు. నాన్నగారేమో క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగంలో చేరమంటున్నారు.

సూటిగా జవాబు: చేయొచ్చు, బతకొచ్చు కూడా. ఎంటెక్ చేయండి, పీహెచ్‌డీ కూడా కంప్యూటర్ సైన్స్‌లోనే చేయండి. కళ మీ పరిశోధన ప్రశ్నలో ఉండాలి. పట్టా మీద దాని పేరు లేకపోయినా ఫర్వాలేదు.

నేను విశాఖలోనే ఒక ఇంజినీరింగ్ కళాశాలలో 22 ఏళ్లుగా డేటా స్ట్రక్చర్లు, ఆటోమేటా, గ్రాఫిక్స్ చెబుతున్నాను. నా పీహెచ్‌డీ మెలికల ముగ్గుల మీద. ఇప్పుడు నా దగ్గర ఇద్దరు ఇదే దారిలో పరిశోధన చేస్తున్నారు. దెబ్బలు తిన్న చోట్లు కూడా చెబుతాను. అవి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే కనీసం మూడేళ్లు మిగిలేవి.

పట్టా సంగతి ముందు. అక్కడ అడుగు తప్పితే తర్వాత దిద్దుకోవడం కష్టం. ఇంజినీరింగ్ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాలంటే సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ లెక్క ప్రకారం బీటెక్, ఎంటెక్ రెండూ సంబంధిత బ్రాంచిలో ఉండాలి, రెండిట్లో ఒకదానిలోనైనా ఫస్ట్ క్లాస్ ఉండాలి. ఆ "సంబంధిత బ్రాంచి" అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. నా విద్యార్థిని ఒకమ్మాయి, చాలా ప్రతిభ ఉన్న పిల్ల, మంచి సంస్థలో ఎండిజైన్ చేసి, వాళ్లమ్మకు ఒంట్లో బాగోక విశాఖ వచ్చేసింది. మూడు కళాశాలల్లో డెమో క్లాసు చెప్పింది. మూడు చోట్లా పాఠం నచ్చింది, మూడు చోట్లా ఫైలు పట్టా దగ్గర ఆగింది. ఇప్పుడు ఇంటి నుంచే ఒక కంపెనీకి డిజైనర్‌గా పనిచేస్తోంది, బాగానే సంపాదిస్తోంది. కాని ఆ పిల్ల కోరుకున్నది పాఠం చెప్పడం.

ఎండిజైన్ తక్కువ చదువని నేననడం లేదు. ఐఐటీ బాంబేలో ఐడీసీ అనే డిజైన్ స్కూల్ 1969 నుంచి ఉంది. గువాహటి, హైదరాబాద్ ఐఐటీల్లోనూ డిజైన్ విభాగాలున్నాయి. సీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి వెళ్లొచ్చు. డిజైన్ స్కూల్లోనే చెప్పాలని మీకు గట్టిగా ఉంటే ఆ దారిన వెళ్లండి, కాకపోతే ఊరు వదలడానికి సిద్ధపడి వెళ్లండి. మన రాష్ట్రంలో జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ 2015లో మొదలైంది. అనకాపల్లి నుంచి విజయనగరం దాకా ఇంజినీరింగ్ కళాశాలలు ఎన్నున్నాయో, డిజైన్ చెప్పే సంస్థలు ఎన్నున్నాయో ఒకసారి మీరే లెక్కపెట్టి చూడండి.

బీటెక్ నుంచి నేరుగా పీహెచ్‌డీకి వెళ్లే వీలు కూడా ఉంది. 2022 యూజీసీ నిబంధనల్లో నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే చేరొచ్చు. అలా వెళితే మధ్యలో ఎంటెక్ పట్టా కూడా చేతికిస్తారా లేదా అన్నది చేరే ముందే అడిగి తెలుసుకోండి. ఇవ్వకపోతే పైన చెప్పిన చిక్కే మళ్లీ ఎదురవుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. "కోడ్‌తో అందమైన బొమ్మ చేశాను" అంటే అది బొమ్మ. "ఈ అందం ఏ నియమం వల్ల కుదిరింది, ఆ నియమం ఎంతదాకా పనిచేస్తుంది" అని అడిగి రుజువుతో చెప్పగలిగితే అప్పుడది పరిశోధన. రెండూ చేయాలి. ఒకదాన్ని చూపించి రెండోదని చెప్పకూడదు.

నాకిది ఎలా తెలిసిందో చెబుతాను. పీహెచ్‌డీకి నేను పెట్టిన మొదటి ప్రతిపాదన "కంప్యూటర్‌తో ముగ్గుల సృష్టి". కమిటీ ముందు నలభై ముగ్గులు చూపించాను. అందరూ మెచ్చుకున్నారు. ఆఖరున ఒక పెద్దాయన, "బొమ్మలు చాలా బాగున్నాయమ్మా. ఇందులో కంప్యూటర్ సైన్స్‌కి ఇంతవరకూ తెలియని సంగతి ఏముంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ప్రతిపాదన తిప్పి పంపారు. ఆ రోజు చాలా బాధపడ్డాను, కోపం కూడా వచ్చింది. కొన్ని నెలలకు గాని ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నేనని ఒప్పుకోలేకపోయాను.

ఆ ఏడు ధనుర్మాసంలో తెల్లవారుజామున మా అమ్మ గేటు దగ్గర కళ్లాపి చల్లి ముగ్గు వేస్తోంది. ఎదురింటావిడ అక్కడి నుంచే "ఎన్ని చుక్కలు పిన్నిగారూ?" అని అడిగింది. అమ్మ తలెత్తకుండానే "పదమూడు, సందు చుక్క, ఏడు దాకా" అంది. అంతే. ఆవిడకి సరిపోయింది. నేను లోపలికెళ్లి కాగితం మీద లెక్క వేశాను. మధ్య వరుసలో 13, అటూ ఇటూ 12, 11 అలా తగ్గుతూ 7 దాకా. మొత్తం 127 చుక్కలు. ఆ 127 చుక్కల స్థానాలు మూడు మాటల్లో ఇమిడిపోయి వీధి దాటి వెళ్లాయి. ఆటోమేటా పాఠంలో నేను ఏడాదికోసారి చెప్పే వ్యాకరణం అదే. ఇంత చిన్న వర్ణన నుంచి ఇంత పెద్ద రూపం నియమం తప్పకుండా పుట్టడం.

చుక్కలు సులువు. మెలికలే కష్టం. మూడు వరుసల్లో నాలుగేసి చుక్కలు పెట్టండి. గీత చుక్కల మధ్య ఐమూలగా నడుస్తూ, అంచు తగిలినప్పుడు క్యారమ్ బోర్డు అంచుకి తగిలిన స్ట్రైకర్‌లా వెనక్కి తిరుగుతూ పోతుందనుకోండి. ఒకే గీత అన్ని చుక్కల్నీ చుట్టి బయలుదేరిన చోటికి వస్తుంది. అదే నాలుగు వరుసలు, నాలుగు చుక్కలైతే అలా రాదు, నాలుగు వేరువేరు గీతలవుతాయి. నాలుగు, ఆరు అయితే రెండు గీతలు. వరుసల సంఖ్యకీ నిలువుల సంఖ్యకీ గసాభా ఎంతో, గీతలు అన్ని. ఎనిమిదో క్లాసు పిల్లలకి కూడా చెప్పగలిగిన ఫలితం ఇది. మొదటిసారి చేత్తో గీసి చూసుకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

మరి మన ఆడవాళ్లు నాలుగు, నాలుగు చుక్కల ముగ్గుని కూడా ఒకే గీతతో వేస్తారు కదా, ఎలా? రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోట దాటనివ్వకుండా రెండిటినీ వెనక్కి మలుపుతారు. వేరువేరు గీతలు కలిసే చోట అలా ఒక మలుపు పెడితే ఆ రెండూ కలిసి ఒక్కటైపోతాయి. నాలుగు గీతలు ఒక్కటి కావాలంటే కనీసం మూడు మలుపులు కావాలి. కాని ముగ్గు నాలుగు దిక్కులా ఒకేలా కనబడాలి, కాబట్టి మలుపులు ఒక్కొక్కటిగా పెడితే కుదరదు, నాలుగేసి చొప్పున పెట్టాలి. ఇప్పుడు ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. ఏ కొలతలకి ఇది సాధ్యం? ఎన్ని రకాలుగా? అన్నిటినీ ఒక్కొక్కటిగా చూడకుండా మంచివాటిని త్వరగా వెతకడం ఎలా? చుక్కలు పెరిగేకొద్దీ ఆ వెతుకులాటకి ఎంతసేపు పడుతుంది? రెండోసారి ఈ ప్రశ్నలతో వెళ్లాను. అదే పెద్దాయన ముప్పావుగంట కూర్చుని నాతో పాటు గీతలు గీశారు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది. ముందు ఎవరేం చేశారో సరిగ్గా వెతకలేదు. గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమల కృతివాసన్ 1974లోనే తమిళుల ముగ్గులైన కోలాలకి అర్రే వ్యాకరణాలు (గళ్లలో రూపాలు పుట్టించే నియమాలు) రాసి అంతర్జాతీయ జర్నల్లో అచ్చు వేశారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో కూర్చుని, గుమ్మం ముందు ముగ్గుని ఫార్మల్ లాంగ్వేజ్ సిద్ధాంతంలోకి తెచ్చారు. మొజాంబిక్‌లో పనిచేసిన గణితవేత్త పౌలస్ గెర్డెస్ అంగోలాలో ఇసుక మీద గీసే సోనా బొమ్మల్లో ఇదే గసాభా లెక్క చూపించారు. ఏడాది పాటు నేను కొత్తగా కనిపెట్టానని అనుకున్నదాంట్లో సగం వాళ్లు ఎప్పుడో చెప్పేశారు. మీరు మాత్రం మొదటి మూడు నెలలూ చదవడానికే పెట్టుకోండి.

మీరు వాడే ప్రాసెసింగ్ కూడా ఈ రెండు లోకాల మధ్య పుట్టిందే. కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మొదలుపెట్టారు. రియాస్ ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. అందులో మీరు రోజూ పిలిచే నాయిస్ ఫంక్షన్ (మెల్లగా మారుతూ పోయే యాదృచ్ఛిక సంఖ్యలిచ్చేది) చరిత్ర కూడా తెలుసుకోండి. కెన్ పెర్లిన్ సినిమా గ్రాఫిక్స్‌లో పనిచేస్తున్నప్పుడు, కంప్యూటర్ బొమ్మలు మరీ యంత్రంలా నున్నగా ఉంటున్నాయని ఆయనకి నచ్చలేదు. ఆ నచ్చకపోవడం నుంచి పద్ధతి పుట్టింది, 1985లో సిగ్రాఫ్ అనే గ్రాఫిక్స్ సదస్సులో పేపరయింది, 1997లో దానికి ఆస్కార్ వాళ్ల సాంకేతిక పురస్కారం వచ్చింది. ఆయన న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. కంటికి కలిగిన అసంతృప్తి అల్గారిథమ్ అయింది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఇదే.

"రెండు పడవల మీద కాలు పెడితే మునిగిపోరా?" అని కూడా అడిగారు. ఈ దారిలో ఎక్కువ కాలం నిలబడ్డవాళ్లని చూస్తే, వాళ్ల ఉద్యోగం ఒక ఒడ్డునే ఉంది. ఫ్రీడర్ నాకే గణితం చదివినాయన. 1965లో స్టుట్‌గార్ట్‌లో కంప్యూటర్ చిత్రాలు ప్రదర్శించాడు, 1972లో బ్రెమెన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ అయ్యాడు. హెరాల్డ్ కోహెన్ అటువైపు నుంచి వచ్చాడు. పేరున్న చిత్రకారుడు, 1968లో శాన్ డియేగో వెళ్లి ప్రోగ్రామింగ్ నేర్చుకుని, బొమ్మలు గీసే ఆరన్ ప్రోగ్రాంని 2016లో పోయేదాకా పెంచుతూనే ఉన్నాడు. ఆయనకి జీతమిచ్చింది చిత్రకళా విభాగం. మీరు ఈ పక్క నుంచి బయలుదేరుతున్నారు, ఈ పక్కనే ఇల్లు కట్టుకోండి.

వెరా మోల్నార్ గురించి కూడా చదవండి. బుడాపెస్ట్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన చిత్రకారిణి. 1968లో కంప్యూటర్ దొరకడానికి ముందే, ఏళ్ల తరబడి నియమాలు రాసుకుని యంత్రంలా చేత్తో అమలు చేస్తూ బొమ్మలు వేసింది. ఆవిడ గురించి తెలిసినప్పుడు నాకు మా అమ్మే గుర్తొచ్చింది.

ఇప్పుడు ఒక చేదు సంగతి. ఇంజినీరింగ్ విభాగంలో ఉంటే మీ ప్రదర్శనలకి ప్రమోషన్‌లో విలువ ఉండదు. నేనొక ఏడాది మొత్తం ప్లాటర్‌తో, అంటే పెన్ను పట్టి గీసే మెషీన్‌తో, ఒక గోడ నిండా ముగ్గులు గీయించి ప్రదర్శించాను. చూడ్డానికి ఎందరో వచ్చారు. ఆ ఏడాది నా అప్రైజల్ ఫారంలో దానికి గడే లేదు. అదే పని మీద రాసిన ఎనిమిది పేజీల పేపర్‌కి మార్కులు వచ్చాయి. అప్పటి నుంచి ఏ బొమ్మ మొదలుపెట్టినా అందులోంచి పేపర్ ఏది వస్తుందో అదే రోజు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. బొమ్మకి బొమ్మ లెక్క, పేపర్‌కి పేపర్ లెక్క. ఒకదాని బాకీ రెండోది తీరుస్తుందని అనుకోకండి.

పేపర్ ఎక్కడికి పంపాలి? బ్రిడ్జెస్ సదస్సు గణితం, కళ కలిసే చోటు, 1998 నుంచి జరుగుతోంది. విద్యార్థికి మొదటి మెట్టుగా నేను అదే చెబుతాను. కంప్యూటేషనల్ క్రియేటివిటీ సదస్సు, ఎవోమ్యూజార్ట్, ఏసీఎం వాళ్ల క్రియేటివిటీ అండ్ కాగ్నిషన్ ఉన్నాయి. సిగ్రాఫ్‌లో ఆర్ట్ పేపర్లకి వేరే విభాగం ఉంది. లియొనార్డో జర్నల్ 1968 నుంచి ఉంది. అల్గారిథమ్ బలంగా ఉంటే మన దేశంలో గ్రాఫిక్స్, విజన్ సదస్సు ఐసీవీజీఐపీకి పంపండి. డబ్బు కట్టించుకుని పదిరోజుల్లో అచ్చేసే జర్నళ్లకి మాత్రం ఒక్కటి కూడా పంపొద్దు. మీ చుట్టూ చాలామంది పంపుతారు, పంపమని మీ మీద ఒత్తిడి కూడా పెడతారు. ఈ రంగంలో మిమ్మల్ని చదివేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలమంది. వాళ్ల కళ్లలో ఒకసారి పలచనైతే మళ్లీ నిలబడలేరు.

ఇంకో కేసు చెబుతాను, ఇది మన జిల్లాల సంగతి. ఏటికొప్పాక మీకు తెలిసే ఉంటుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పి, ఉలితో చెక్కి, తిరుగుతున్న కర్రకి లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది. ఆ బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అక్కడ సహజ రంగుల్ని తిరిగి నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. గ్రాఫిక్స్ చదివినవాళ్లకి ఈ బొమ్మ చూడగానే ఒకటి తోస్తుంది. లేత్ మీద తయారైన ఏ రూపమైనా ఒకే ఒక్క అంచు గీతని చుట్టూ తిప్పితే వచ్చేదే. గీత మారిస్తే బొమ్మ మారుతుంది.

నా విద్యార్థి ఒకడు నాయిస్ వాడి రెండొందల అంచు గీతలు పుట్టించాడు. తెర మీద అద్భుతంగా ఉన్నాయి. ప్రింట్లు తీసుకుని ఏటికొప్పాక వెళ్లాం. నలభై ఏళ్లుగా ఆ పనిలో ఉన్న ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని పేక ముక్కల్లా వాటిని రెండు దొంతర్లు చేశారు. పది నిమిషాలు పట్టలేదు. పెద్ద దొంతర పక్కకి తోసేసి, "ఇయన్నీ అవ్వవు బాబూ" అన్నారు. ఎందుకని అడిగితే ఒక్కోటీ చేతిలోకి తీసుకుని చెప్పారు. "మెడ ఇంత సన్నంగుంటే ఉలి ఆనిన ఎంటనే ఇరిగిపోద్ది. ఇది చూడు, లోపలికి తిరిగిపోనాది, ఉలి ఎటేపు నుంచి ఎల్తాది? ఈ గాడిలోకి లక్క దిగదు."

మావాడి ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం అక్కడే పేపర్ కనిపించింది. మెడ మందానికీ పొడవుకీ ఉండాల్సిన నిష్పత్తి, ఉలి వెళ్లలేని వంపులు, లక్క పట్టే గాడి వెడల్పు, ఈ మూడూ ఆయన చేతుల్లో ఉన్న నియమాలు. వాటిని ప్రోగ్రాంలోకి తెస్తే ప్రతి రూపమూ చెక్కగలిగేదే అవుతుంది. ఆర్నెల్లు అటూ ఇటూ తిరిగి ఆ పని చేశాం. చివర్లో ఆయన మా గీతల్లో ఒకదాన్ని తీసుకుని, మాకు చెప్పకుండానే నడుము దగ్గర కొంచెం పైకి జరిపి చెక్కారు. పక్కపక్కన పెడితే ఆయనదే బాగుంది. ఎందుకు బాగుందో మా ప్రోగ్రాంకి తెలియదు, అది తెలుసుకోవడమే ఇప్పుడు ఆ కుర్రాడి థీసిస్. పేపర్‌లో ఆయన పేరు సహ రచయితగా పెట్టాం. మా దగ్గర కూర్చున్న ప్రతి రోజుకీ ఆయనకి కూలి కట్టాం. చేతిపని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ రెండూ ముందే మాట్లాడుకోండి. వాళ్ల రోజు పోగొట్టి మనం పట్టా తెచ్చుకోవడం తప్పు.

ఏఐ సంగతి అడగలేదు గాని, మీ ప్రశ్న వెనక అది ఉందని నాకు తెలుసు. 2014లో గాన్‌లు (రెండు న్యూరల్ నెట్‌వర్కులు పోటీపడి బొమ్మలు నేర్చుకునే పద్ధతి) వచ్చాయి, 2022లో స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మల మోడల్ అందరి చేతికీ వచ్చింది, ఇప్పుడు వాక్యం రాస్తే బొమ్మ వస్తోంది. ఇక మనకేం పని మిగిలిందని పిల్లలు నన్ను అడుగుతున్నారు. అడిగినవాళ్లతో ఒక పరీక్ష చేయిస్తాను. ఏడు, ఏడు చుక్కల మెలికల ముగ్గు ఒకే గీతతో వేయమని ఆ మోడల్‌ని అడగమంటాను. వచ్చిన బొమ్మ దూరం నుంచి ముగ్గులాగే ఉంటుంది. దగ్గరికెళ్లి వేలు పెట్టి గీత వెంట నడిస్తే మధ్యలో తెగిపోతుంది, లేదా ఎక్కడో చుక్క చుట్టకుండా వదిలేస్తుంది. మా క్లాసులో చేసిన ప్రతిసారీ అలాగే వచ్చింది. రూపం తెలుసు, నియమం తెలియదు. ఈ రెండిటినీ కలపడం, అంటే నేర్చుకున్న మోడల్ చేత నియమం తప్పకుండా గీయించడం, ఇంకా చేయాల్సింది చాలా మిగిలిన పని. మీ వయసులో ఉంటే నేను దాని మీదే పడి ఉండేదాన్ని. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా ఉండాలి. ప్రాంప్టులు రాయడం ఒక నైపుణ్యమే గాని దాని మీద థీసిస్ నిలవదు.

ఎవరిది ఈ బొమ్మ అన్న ప్రశ్న కూడా మీ పనిలో భాగమే. 2018 అక్టోబరులో గాన్‌తో చేసిన ఒక చిత్రం క్రిస్టీస్ వేలంలో 4,32,500 డాలర్లకు పోయింది. దాని వెనక కోడ్ చాలావరకు రాబీ బారట్ అనే కుర్రాడు ఉచితంగా పెట్టిందే. ఆ డబ్బులో అతనికేమీ రాలేదు. రేపు మీ మోడల్ ఏటికొప్పాక బొమ్మల ఫొటోలతో శిక్షణ పొందితే ఇదే ప్రశ్న మీ ముందుకొస్తుంది. డేటా ఎక్కడి నుంచి తెచ్చారో, ఎవరిని అడిగారో మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోండి.

గైడ్ విషయంలో ఒక్క మాట. కళ అంటే ఇష్టమున్న గైడ్ కోసం వెతక్కండి. గ్రాఫిక్స్‌లోనో, ఫార్మల్ లాంగ్వేజెస్‌లోనో, మెషీన్ లెర్నింగ్‌లోనో గట్టి మనిషిని చూడండి. మీ ప్రశ్న ఆయన రంగంలో నిలబడితే ఆయనకి కళ గురించి తెలియకపోయినా నష్టం లేదు. కళ వైపు నుంచి తిట్టేవాళ్లని విడిగా వెతుక్కోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ కళాశాలా ఉంది, ఫైన్ ఆర్ట్స్ విభాగమూ ఉంది. అక్కడి చిత్రకళ విద్యార్థులతో స్నేహం చేసి మీ బొమ్మలు చూపించండి. నాకు అలాంటి ఒక స్నేహితురాలు ఉంది. నా మొదటి ప్లాటింగ్‌లు చూసి, "అన్నీ మధ్యలోనే ఉన్నాయి, ఒక్కటీ ఊపిరి తీసుకోవడం లేదు" అంది. రెండేళ్లు పట్టింది నాకు ఆ మాట అర్థం కావడానికి. ఖాళీ ఎక్కడ వదలాలో కంప్యూటర్ సైన్స్‌లో ఎవరూ చెప్పరు.

  

రోజువారీ బతుకు ఎలా ఉంటుందో దాచను. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన. దాని పైన ల్యాబులు, ఇన్విజిలేషన్, పేపర్లు దిద్దడం, అక్రెడిటేషన్ ఫైళ్లు. మొదటి ఐదేళ్లు పరిశోధనకి మిగిలేది తెల్లవారుజాము, ఆదివారం. నేను నాలుగున్నరకి లేచేదాన్ని, ఇప్పటికీ లేస్తున్నాను. మీరు చెప్పే సబ్జెక్టుల్లోకే మీ పనిని తీసుకురాగలిగితే కొంత ఊపిరాడుతుంది. నేను రికర్షన్ ముగ్గులతో చెబుతాను, గ్రాఫ్ ట్రావర్సల్ మెలికతో చెబుతాను. పిల్లలకి అర్థమవుతుంది, నా ఆలోచనా సాగుతుంది.

నాన్నగారి భయం న్యాయమైనదే, దాన్ని తీసిపారేయకండి. ఆయనకి అంకెలు చూపించండి. యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలో (ఎస్ఆర్ఎఫ్)గా 42,000, ఇవి 2023 జనవరి నుంచి ఉన్న రేట్లు. పైన ఇంటి అద్దె భత్యం. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ దొరికితే 70,000తో మొదలవుతుంది, కాని పోటీ చాలా ఎక్కువ. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే 12,400. యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 దగ్గర మొదలవుతుంది. ప్రైవేటు కళాశాలలన్నీ ఆ స్కేలు ఇవ్వవు. చాలా చోట్ల అందులో సగానికి అటూ ఇటూ ఇవ్వడం నేను చూశాను, చేరే ముందు ఆర్డరు కాగితం మీద ఎంతుందో చదవండి. ఇంటి పరిస్థితి గట్టిగా లేకపోతే రెండేళ్లు ఉద్యోగం చేసి, అప్పులేవైనా ఉంటే తీర్చి రండి. నా దగ్గర ఇప్పుడున్న ఇద్దరిలో ఒకరు మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మూడేళ్లు చేసి వచ్చినవాడే. కోడ్ రాసే క్రమశిక్షణ వాడికి అక్కడే అబ్బింది. ఆ మూడేళ్లూ వారానికొక బొమ్మ చొప్పున ఆపకుండా చేశాడు కాబట్టి తిరిగి రాగలిగాడు.

ఈలోగా ఒక పని చేయండి. ధనుర్మాసం వచ్చినప్పుడు తెల్లవారి ఆరు లోపల మీ వీధిలో నడవండి. ఏదైనా మెలికల ముగ్గు దగ్గర ఆగి, వేసినావిడని చుక్కలెన్ని, ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ మలిపారు అని అడిగి రాసుకోండి. ఫొటో తీసే ముందు ఆవిడని అడగండి. ఆ నాలుగు వాక్యాల నుంచి ఆ ముగ్గు మొత్తం తిరిగి వేసే ప్రోగ్రాం రాయండి, తర్వాత చుక్కలు రెండు పెంచి నడపండి. ఎక్కడో ఒక చోట గీత తెగుతుంది. ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందని మీరనుకుంటున్నారో రాసి ఇక్కడే పెట్టండి. చూసి చెబుతాను.